కాటా మీద

బస్సులోంచి దిగినవి రెండే:
నేనూ, ఒక ఉల్లిపాయల బస్తా.
బస్తా కోసం ఎవరో సైకిలేసుకొచ్చారు.
నా కోసం గోడ మీద ఒక పటం ఉంది,
ఎండకి వెలిసి, అన్నిటికన్నా ముందు
సముద్రం రంగే పోయిన పటం.

ఇసోగుచిలో చూడవలసినవి పదకొండట.
ఏడో అంకె మీద పిట్ట రెట్ట.

మొదటిది నా కాళ్ల కిందే ఉంది:
మురుగు కాలవ ఇనప మూత.
దాని మీద పోతపోసిన చేప నవ్వుతోంది.
తొక్కలేక పక్కకి తప్పుకున్నాను.
వెనకొచ్చిన పోస్టుమాన్ తొక్కుకుంటూ పోయాడు.

సందు సందుకీ నీచు వాసన,
పాతది, చెక్క గోడల్లోకి ఇంకి
మర్యాద నేర్చుకున్నది.
ఒక వాకిట్లో మోటారుకి బిగించిన చక్రం,
దానికి గుచ్చిన స్క్విడ్లు
తిరునాళ్ల రంగులరాట్నంలో పిల్లల్లా
గిర్రున తిరుగుతూ ఎండుతున్నాయి.
స్టూలు మీద ఫుమినో అనే ముసలామె
ఈగల్ని కాదు, నన్ను కనిపెడుతోంది.
ఫొటో తీసుకోనా అంటే
చక్రం ఆపి, ఒకదాని కాళ్లు సర్ది,
మళ్లీ తిప్పింది.

నాలుగోది రాయి.
కొండ మెట్లకి సగంలో, నా భుజమంత ఎత్తు.
నీళ్లు ఇంతవరకూ వచ్చాయి,
దీని కింద ఇల్లు కట్టకండి
అని తాతల తాతలు చెక్కించిన రాయి.
ఊరంతా దాని కిందే ఉంది.
ఎందుకని అడిగితే
కూరగాయల సంచితో మెట్లెక్కుతున్నావిడ
మోకాళ్లు చూపించి నవ్వింది.

ఐదూ ఆరూ మూసేశారు.
ఏడు ఏమిటో ఇప్పటికీ తెలీదు.

ఎనిమిది, చేపల వేలం షెడ్డు.
తెల్లారుజామున నాలుగింటికి రావాలన్నారు పుస్తకంలో.
వచ్చాను.
కడిగిన గచ్చు, బోర్లించిన నీలం పెట్టెలు,
దూలానికి వేలాడుతున్న గంట.
పాట లేదు.
మా భాషలో వేలాన్నీ పాటే అంటాం.
ఆ మాట చెప్పడం చేతకాక
గొంతెత్తి ఒక ముక్క పాడి చూపించాను.
లెక్కల బల్ల వెనక హ్యోజో గారు
నా పాటకి ధర కడుతున్నట్టు ఒక కన్ను మూసి,
"ఆగిపోయి ఆరేళ్లు" అన్నారు.

ముప్ఫై ఎనిమిదేళ్లు తూకాలు రాసిన చెయ్యి.
నీళ్లు వేడెక్కి చేపలు ఉత్తరానికి పోయాయట,
కుర్రాళ్లు చేపలకన్నా ముందే పోయారట.
కాటా మాత్రం రోజూ తుడుస్తారు.
నన్ను చూసి, కాటాని చూసి,
పెళ్లిపీట చూపించినంత మర్యాదగా
అరచేత్తో దారి చూపించారు.

ఎక్కాను, సంచితో సహా.
ముల్లు ఊగి ఊగి నిలిచింది.
అరవై నాలుగు కిలోల మూడొందలు.
చీటీ రాసి, ముద్ర కొట్టి, దారంతో నా బొత్తానికి కట్టి,
ఎక్కడి సరుకు? అన్నారు.
బంగాళాఖాతం అన్నాను.
నవ్వకుండా రాసుకున్నారు.

ఏడున్నరకి బడి సంచితో చినత్సు,
పోస్టుమాన్ కూతురు,
రోజూ దారిలో ఆగి తూగి పోతుంది.
ఇరవై ఒకటి.
"చిన్నవాటిని తిరిగి వదిలెయ్యాలి, అది రూలు"
అంటూ రెండు చేతులా ఎత్తి
గుమ్మం అవతల వెలుతురులోకి దింపారు.

అప్పుడు పుస్తకం నా వైపు తిప్పారు.
పాత పేజీల్లో చేపలు, టన్నుల్లో.
కొత్త పేజీల్లో మేం:
ఒసాకా దంపతులు, గొడుగు మరిచిపోయారు.
కెమెరా కుర్రాడు, మంచి బరువు.
ఒంటరిగా వచ్చిన ఒకావిడ, తూకానికి ఒప్పుకోలేదు.
ఆగస్టులో తొమ్మిది మంది.
ఫిబ్రవరి మొత్తం ఒకే అడ్డగీత.

మిగతా మూడూ నేను చూడలేదు.
ఆ గచ్చు మీదే, ఆయన టీ తాగుతూ,
గంట ఎందుకు ఊగడంలేదో చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం బస్సు షెడ్డు ముందు నుంచే పోతుంది.
చీటీ ఇంకా విప్పలేదు.
కిటికీలోంచి చూస్తే, గుమ్మంలో నిలబడి
హ్యోజో గారు పుస్తకంలో ఏదో కొట్టేస్తున్నారు,
అమ్ముడుపోయిందనో,
నీళ్లలోకి వదిలేశామనో.