కుడి సీటు

రెండున్నరకి క్యాబ్.
ఎలహంక పీజీ గేటు చప్పుడు కాకుండా తెరవడం
నాకింకా చేతకాలేదు.
పైగదిలో ఎవరో దగ్గారు. కుక్క లేచింది.

చింతామణి మునిరాజు అద్దంలోంచి
నా భుజాల మీది రెండు చారలు చూశాడు.
చాలాసేపు చూశాడు.
"నిజంగా మీరే తోల్తారా మేడమ్?"
"సగం," అన్నాను.
"సగం తోలేదెట్లా?"
చిక్కజాల దాటేదాకా
జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను.

టార్చి పట్టుకుని విమానం చుట్టూ ఒక ప్రదక్షిణ.
టైర్ల మీద కోతలున్నాయా,
ఇంజను రేకుల్లో ఏమైనా ఇరుక్కుందా,
రెక్క అంచు నుంచి జారే మంచుచుక్క
సరిగ్గా నా కాలర్లోకే ఎందుకు పడాలో.
ముందు చక్రం పైన, దీపం వెచ్చదనానికి
రెక్కల పురుగొకటి అతుక్కుని ఉంది.
దాన్నేం చెయ్యాలో చెక్‌లిస్టులో లేదు.
ఊదాను.
ఎవరి పర్మిషనూ అడక్కుండా ఎగిరిపోయింది.

దేవనహళ్ళి ద్రాక్షతోటల మీంచి
మంచు నడిచొచ్చి రన్‌వేని మింగేసింది.
నూట డెబ్భై మందిమి గంటా పది నిమిషాలు
ఆ తెల్లటి గోడకి ఎదురుగా.
కెప్టెన్ బిద్దప్ప ఫ్లాస్కు మూతలో
వాళ్ళ తోట కాఫీ పోసిచ్చారు.
ఆయన పదహారువేల గంటలు
మంచులోకి చూస్తూ ఆవలించాయి.
నా పద్నాలుగు గంటలు
బెల్టు బిగించుకుని నిటారుగా కూర్చున్నాయి.

నేను పుర్రచేతి పిల్లని.
మదనపల్లెలో మా జేజి
ఎడమచేత్తో ముద్ద ఎత్తితే చాలు,
కొంగుతో ఆ చెయ్యి వెనక్కి కట్టేసేది.
అన్నం కుడిచేత్తో,
అక్షరాలు దొంగతనంగా ఎడమచేత్తో.
ఇప్పుడీ కుడి సీటులో
విమానాన్ని పట్టేది కుడిచెయ్యి.
జేజి కట్టేసిన చేతికి
రెండు ఇంజన్లు అప్పగించారు, నిజమే,
కానీ దారి చూపేది మాత్రం
ముద్దలు కలిపిన చెయ్యే.
ఎడమ సీటు వచ్చేదాకా,
ఆరేళ్ళో, ఎనిమిదేళ్ళో,
బ్యాంకు అప్పు తీరేదాకానో,
నా వాటం నా దగ్గర లేదు.

కోయంబత్తూరు పోయేటప్పుడు ఆయన.
వచ్చేటప్పుడు, "యువర్ కంట్రోల్స్" అన్నారు
ఉప్పు అందించినంత మామూలుగా.

మంచు విడిపోయింది.
దూరంగా నందికొండ వీపు.
ముందు పొడవాటి బూడిదరంగు గీత,
అది పెరుగుతోంది, నేను ఊపిరి తీస్తున్నానో లేదో.
యంత్రం గొంతు వెనక్కి లెక్కపెడుతోంది:
యాభై. నలభై. ముప్పై. ఇరవై.
"రిటార్డ్, రిటార్డ్."
లీవర్లు వెనక్కి లాగమని దానర్థం.
నాకు మాత్రం జేజి తిట్టినట్టే వినిపించింది.
ఎడమచెయ్యి లాగేసింది.
కుడిచెయ్యి రెప్పపాటు ఆలస్యం.

దడేల్.

వెనక ఎక్కడో సామాను అర మూత ఊడి తెరుచుకుంది.
ఒక పసిబిడ్డ నిద్రలేచి నా తరఫున ఏడ్చింది.
వేగం తగ్గగానే ఆయన "మై కంట్రోల్స్."
నా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను,
ఎవరో మర్చిపోయి వెళ్ళిన గ్లవ్స్‌లా.

ఆకాశంలో నడపనిస్తారు గానీ
నేల మీద ఇంకా నడపనివ్వరు.
ఇదిగో మునిరాజూ, నీ సగం.

అందరూ దిగుతుంటే తలుపు దగ్గర నిల్చున్నాను.
నడుం పట్టుకున్న పెద్దాయన ఆగి
కన్నడంలో అడిగాడు:
"పైన కూడా గుంతలేనా అమ్మా?"
బెంగళూరు మర్యాద. కోపం లేదు, నవ్వూ లేదు.

బిద్దప్పగారు నా ఫైల్లో రెండు ముక్కలు రాశారు:
'గట్టిగా దిగింది. భయపడలేదు.'
రెండోది ఆయనకెవరు చెప్పారో.

తిరుగు క్యాబులో వేరే డ్రైవరు.
ఏమీ అడగలేదు.
పీజీ వంటింట్లో మూత కింద
చల్లారిన చిత్రాన్నం, ఒక అప్పడం ముక్క.
యూనిఫాం విప్పకుండానే కూర్చుని,
ఎవరూ చూడని ఆ పదకొండు గంటల ఎండలో
ఎడమచేత్తో తిన్నాను.