ఎడమ తలుపు

పేరు విని నవ్వకండి.
ఇక్కడ సాంబార్ అంటే పులుసు కాదు,
కొమ్ములున్న జింక.
అవొమొరిలో, ఇవాకి కొండ కింద
ఆపిల్ తోటల మట్టిదారుల్లో
ఒసనాయ్ హత్సుయె నడిపే చిన్న ట్రక్కు పేరది.
రంగు తెలుపు అని ఆవిడ అంటుంది,
మనం నమ్మాలి.

ముక్కు మీద ఆరు చుక్కలు,
సుబారు అంటే మన కృత్తికలే.
చలికాలం రోడ్డుకి చల్లే ఉప్పు
ఒక చుక్క మెరుపుని నాకేసింది.
"బిళ్ళ కొత్తది వేయమంటారా?"
రెండేళ్ళకోసారి తనిఖీలో మికామి అడుగుతాడు.
"చుక్కలతో బండి ఆగుతుందా? బ్రేకులు చూడు."

జెన్‌కిచి ఉన్న రోజుల్లో
పొలాన్ని మంచు మూసేస్తే
నాలుగు నెలలు ఓతా పోయేవాడు, కార్ఖానా కూలికి.
వరసలో అతని వాటా
ఎడమ తలుపు బందులకి బోల్టులు.
తలుపు తరవాత తలుపు,
కొడవలి పట్టిన చేతికి
ఆ బిగువు కలలో కూడా వచ్చేదట.

వసంతానికి తిరిగొచ్చేవాడు,
కొంత డబ్బుతో, చాలా కబుర్లతో.
ముసలి మేస్త్రీ చెప్పినవి:
అక్కడ ముందు విమానాలు చేసేవారని,
యుద్ధం ఓడాక రెక్కల మాటే ఎత్తొద్దన్నారని,
కొట్టులో మిగిలిన బాంబరు తోకచక్రాలు
స్కూటర్లకి తొడిగారని.
నిప్పులు మోసే దాని చక్రం మీద
ఎవరో బజారుకి పోయి ముల్లంగి తెచ్చుకున్నారు.
కంపెనీని ముక్కలు చేస్తే
అయిదు ముక్కలు మళ్ళీ వెతుక్కుని ఆరోదైపోయాయట.
ఆ మాటకి అర్థం కూడా అదేనట, కూడడం.
తరవాత అక్షింతల పురుగంత కారు,
నలుగురు మోకాళ్ళు ముడుచుకుంటే పట్టేది.
ఆ పైన ఈ జింక.

దీనికి గుండె వెనక ఉంది.
ఖాళీగా ఉన్నా వెనక చక్రాలు నేలని వదలవు,
మంచు ఎత్తు మీద పెద్ద బండ్లు గింజుకుంటుంటే
ఇది గొణుక్కుంటూ ఎక్కిపోతుంది.
పొలందారి పోర్షె అంటారు రైతులు,
సగం వేళాకోళం, సగం గర్వం.
లోపల కాళ్ళు మాత్రం కొయ్యబారతాయి,
సెగంతా వెనక పెట్టెల కిందే.
అడుగు పెట్టెలో కాయలు
రెండు రోజుల ముందే ముగ్గుతాయి.
మండీలో అందుకు ధర కోస్తారు.
హత్సుయె వాటిని అమ్మడం మానేసింది.

పోయిన నవంబరులో
హచినోహె నుంచి ఒక దళారి కుర్రాడొచ్చాడు, తకెయ.
ఇరవై అయిదేళ్ళు నిండిన బండ్లని
ఇప్పుడు అమెరికా రానిస్తుందట.
ఐడహోలో మేకలు కాసే ఒకాయన
ఇలాంటిదే కావాలని కూర్చున్నాడట.
నాలుగు లక్షల యెన్లు.
బానెట్టు కోసం ముందు వెతికి, సిగ్గుపడి,
కిందకి దూరి తుప్పు గీకి,
చివరికి ఎడమ తలుపు తీసి, వేశాడు.
టక్.
మళ్ళీ తీసి, వేశాడు.
"ఇది కొత్తదానిలా ఉందే!"

ఆవిడ చేతిగుడ్డతో అద్దం తుడుస్తోంది.
"దాన్నెవరూ ఎక్కువ తియ్యరు" అంది.

ఈ తలుపు ఆయన బిగించినదేనా?
ఏడాదికి లక్షల తలుపులు.
మికామి ఒకసారి బందుల వెనక నంబరు చదువుతానన్నాడు.
వద్దంది.

చివరి బస్సు పోయింది,
కుర్రాణ్ణి స్టేషనులో దించాలి.
ఎడమ సీటు మీది కత్తెరలు, చేతితొడుగులు,
మూడేళ్ళ పాత పత్రిక
వెనక్కి విసిరింది.
"మెల్లగా వెయ్యి, గట్టిగా అక్కర్లేదు."

దారిలో అడుగు పెట్టె కాయ ఒకటి ఇచ్చింది.
గోరువెచ్చగా ఉంది, తేనె కారుతోంది.
మోచేతిదాకా తుడుచుకుంటూ
అతను ఇంకో యాభై వేలు పెంచాడు.

హత్సుయె గేరు మార్చింది.
ఎత్తు మొదలైంది.