తాళం బొమ్మ

కొనేవాళ్ళు గుమ్మం దాకా వచ్చి
"సురక్షితం కాదు" అన్న మాట చూసి
వెనక్కి మళ్ళుతున్నారట.
నా తేనెకేం రోగం, అంది మిలోయ్కా.

మూడు హోస్టింగుల ధరలు
పిండి సంచి మీద రాసుకుంది.
చవకదాన్ని కొట్టేసింది:
అర్ధరాత్రి ఫోన్ చేస్తే
పాటే తప్ప మనిషి పలకలేదు.

పెట్టెలు చీకటి పడ్డాకే కదా మారుస్తాం.
సైటునీ అలాగే మోసింది,
కామ్నిక్ కొండల మీద మంచు కురుస్తుండగా.
ఈగలైనా రెండ్రోజులు పాత చోటికే వాలతాయి;
వాటికోసం అక్కడ
కొత్త వాకిలి చెప్పే ఒక్క పంక్తి వదిలింది.

అయినా తాళం పడలేదు.

తెల్లారేదాకా వెతికితే దొరికాడు:
పొగడబ్బాతో ఓజ్బోల్ట్ తాత, ఫోటోలో,
ఇంకా పాత దారినే నడిచొస్తూ.
"నీకెప్పుడూ ఇంతే మొండితనం"
అని గొణుక్కుంటూ
తాత చిరునామాకి
ఒక 'ఎస్' తగిలించింది.