ఆయాసం

లా పాజ్‌లో దారి తప్పడం కష్టం.
ఏ మెట్ల వీధిలో నిలబడ్డా
ఇళ్ళ మీదుగా ఇల్లిమానీ మంచుకొండ తొంగి చూస్తూనే ఉంటుంది.
దాన్ని కుడిభుజానికి పెట్టుకుంటే కాలేజీ,
ఎడమకి మార్చుకుంటే ఇల్లు.

గ్రోనింగెన్‌లో దిగిన రోజు
చూపు ఆనడానికి ఏమీ దొరకలేదు.
ఇస్త్రీ చేసి పరిచినట్టు నేల,
దాని మీద ఇంకో నేల, అదే ఆకాశం.
ఒకటే కాలవ చుట్టూ మూడుసార్లు తిరిగాను.
ఒకటే బాతు మూడుసార్లు చూసింది నన్ను,
మూడోసారి కాస్త జాలిగా.

మూడువేల ఆరువందల మీటర్ల ఎత్తున
కొలతలిచ్చి కుట్టించుకున్న ఊపిరితిత్తులు నావి,
ఈ చిక్కటి గాలికి మరీ వదులు.
మొదటి నెలంతా ఎంత నడిచినా ఆయాసం లేదు.
ఆయాసం లేకపోతే
ఎంత దూరం వచ్చానో ఒంటికెలా తెలుస్తుంది?

వంటగది నలుగురిది.
ఫ్రిజ్‌లో నా అరకి ఎవరో చీటీ అంటించారు, లారా అని.
నా పేరు వారా. మా భాషలో చుక్క.
దిద్దడానికి మాట కూడదీసుకునేలోపు
రెండు వారాలు లారా పాలే తాగాను.

మా ఊళ్ళో నీళ్ళు తొందరపడి మరుగుతాయి గానీ
ఆ మరుగులో వేడి చాలదు.
బంగాళాదుంప ఉడికేసరికి
అమ్మమ్మ రెండు కథలు చెప్పి
మూడోది సగంలో ఆపేది.
ఇక్కడా అదే లెక్కన మూతపెట్టి కూర్చున్నాను.
తీసి చూస్తే గంజి.
పక్కగది యెల్టె తొంగిచూసి "సూపా?" అన్నాడు.
"అవును" అన్నాను.
ఇద్దరం తాగాం. ఉప్పు లేదు, బాలేదు అన్నాడు మొహం మీదే.
ఆ వంటగదిలో అబద్ధమాడింది నేనొక్కదాన్నే.

మంగళవారం సంతలో దుంపల బండి,
విబె అనే ముసలాయన.
"గట్టివా, పిండివా?" ఆయన ప్రశ్న అంతే.
నేను చెప్పబోయాను:
మా దగ్గర నల్లవుంటాయి, ఊదావుంటాయి,
తొక్క తీయలేక కొత్తకోడలు ఏడ్చే గుంటల దుంపుంటుంది,
రాత్రి మంచుకి ఆరబెట్టి, పొద్దున కాళ్ళతో తొక్కి
ఏళ్ళకేళ్ళు దాచుకునేది ఉంటుంది.
ఊదా దగ్గరే నా డచ్చి అయిపోయింది.
"ఇవి మా తాత పొలంవి, అసలు సిసలు ఇక్కడివి" అన్నాడు.

ఏమంటాను?
మా కొండల దుంపే, నాకన్నా కొన్ని వందలేళ్ళు ముందొచ్చింది.
దాన్నెవరూ పర్మిట్ కాగితం అడగరు.
వరసలో దాని వెనక నేను.
గట్టివి కిలో ఇమ్మన్నాను.

సైకిల్ మా ఏటవాలు వీధుల్లో ఎవరు తొక్కుతారు?
ఇరవై రెండేళ్ళకి నేర్చుకున్నాను,
మూడు చక్రాల పిల్లలు దాటిపోతూ టాటా చెబుతుంటే.

ఇక్కడ కొన్ని కూడళ్ళలో
నాలుగువైపుల సైకిళ్ళకీ ఒకేసారి పచ్చదీపం.
చెడిపోయిందేమో అనుకున్నాను.
అందరూ ఒక్కసారే దూకుతారు, అడ్డంగా, ఐమూలగా.
ఎవరూ గుద్దుకోరు. ఎవరూ అరవరు.
పక్కన నిలబడి ఐదు పచ్చలు లెక్కపెట్టాను.

అమ్మమ్మ ఐమారాలో
గడిచింది కళ్ళముందుంటుంది, చూశాం కదా.
రానున్నది వీపు వెనక, ఎవరు చూశారని?
నా వెనక యెల్టె సీటు పట్టుకున్నాడో
వదిలేశాడో
తిరిగి చూడలేదు.

ఆరో పచ్చ.
ఉల్లికాడల బుట్టతో ఒక అవ్వ,
భుజాన నిచ్చెనతో ఒకడు,
తొట్టిబండిలో నిద్రపోతున్న కవలలు,
వాళ్ళ సందుల్లోంచి నేను.
కుడిభుజం అలవాటుగా కొండ కోసం వెతికింది.
వెతకనీ అని వదిలేశాను.

అవతలికి చేరి కాలు ఆనించేసరికి
గుండె దడదడ. ఆయాసం.
ఈ ఊళ్ళో మొదటిసారి.

చూస్తే, నేను వెళ్ళాల్సిన వీధి అది కాదు.