ఎడమకాలి చెప్పు

ఎడమకాలి చెప్పు నిలవటం లేదు.
బొటనవేలు ఉండాల్సిన చోట
పట్టీ ఒంటరిగా గాలిని పట్టుకుంటుంది.
పది అడుగులకోసారి వంగి
దాన్ని మళ్లీ కాలికి అప్పజెప్పాలి.

నెల్లిమర్ల జూట్ మిల్లులో ఇరవయ్యారేళ్లు
బేళ్లు తూచాను.
ముల్లు వెంట్రుకవాసి పక్కకి పోతే
"దించండ్రా, మళ్లీ ఎక్కించండి" అన్నవాణ్ణి.
ముల్లు అసిరినాయుడు అనేవారు.
ఆ పేరంటే లోలోపల గర్వం నాకు.

షుగరని తేలిన ఏడు
మా వీధి దాలినాయుడు పొడపత్రి తెచ్చాడు,
రామతీర్థం కొండవార నుంచి, తడిగుడ్డలో చుట్టి.
"నమిలి చూడు మావా."
నమిలాను.
ఆపైన చెంచాడు పంచదార వేసుకుంటే
నోట్లో ఇసక.
చంపావతి ఇసకంత చప్పన.
నాలిక మీద తీపి చచ్చిపోయింది కదా,
నెత్తుట్లోనూ చచ్చిందనుకున్నాను.

ఆ వారమే మాత్రల అట్టలు అటకెక్కించాను.
ఎవరూ ఎక్కించమన్లేదు.
ఈ మాట నిదానంగా రాస్తున్నాను:
ఎవరూ ఎక్కించమన్లేదు.

పదకొండు నెలలు.
పరగడుపున ఏడు ఆకులు.
ఒంట్లో బావుందనిపించింది, నిజంగానే అనిపించింది.
రక్తం చూపించుకోమంటే
"నా ఒళ్లు నాకు తెలీదేటే" అని
నరసాయమ్మ మీద కసిరాను.
దొడ్లో రేకు గీసుకుని వేలు తెగితే
నొప్పి లేదు.
నొప్పి లేకపోవడాన్ని కూడా
ఆకు ఖాతాలోనే జమ వేశాను.

విజయనగరం పెద్దాసుపత్రిలో వేలు తీశాక
మంచం చుట్టూ పంచాయితీ.
నరసాయమ్మ దాలినాయుణ్ణి తిట్టింది, తాతలదాకా వెళ్లి.
అల్లుడు ఫోన్లో వైద్యం చెప్పేవాళ్లని తిట్టాడు.
కట్టు మార్చే నర్సమ్మ ఆకునే తిట్టింది.
దాలినాయుడు బత్తాయిల సంచితో గుమ్మం దగ్గరే నిలబడ్డాడు,
లోపలికి రాడు, వెళ్లిపోడు.

ఆకు ఏం చెప్పింది?
చేదుగా ఉంటానంది, ఉంది.
దాలినాయుడు నమిలి చూడమన్నాడు, అంతే.
అటకకి నిచ్చెన వేసింది నేను.
ముల్లు చూడకుండా బేలు దాటించింది నేను.
ఆ బేలూ నేనే.

"రా, లోపలికి రా. నువ్వేటి చేస్తావు" అన్నాను.
పూర్తిగా క్షమించానని కాదు.
అది వేరే లెక్క, ఇంకా తెగలేదు.

ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నాను.
ఆకూ నములుతున్నాను, మూడే.
కొమ్మ పట్టుకెళ్లి డాక్టరమ్మ బల్ల మీద పెడితే
వాసన చూసి, కాగితం మీద రాసుకుని
"రెండూ కలిసి షుగర్ని మరీ కిందికి లాగితే?
చూసుకుంటూ ఉండండి" అంది.
మిల్లు పాత డైరీలో రాస్తున్నాను:
తేదీ, అంకె, ఎన్ని ఆకులు.
అంకె నచ్చని రోజు కూడా.

నిన్న సాయంత్రం ఆదెమ్మ వచ్చింది.
"రెండు రెబ్బలియ్యి మావా, నీకు బాగా పన్జేసిందట."
కాలు చాపి చూపించాను.
"వేలొక్కటే కదా పోయింది, మనిషివున్నావు" అంది.
నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది.
ఇవ్వడానికి చెయ్యి లేవలేదు,
దాచుకోవడానికీ మనసు రాలేదు.
"ముందు రక్తం చూపించుకు రా.
మాత్ర మానకు.
ఏది తిన్నా ఆ డాక్టరమ్మకి చెప్పు.
అప్పుడు నువ్వే కోసుకో."
మూతి తిప్పుకుని వెళ్లిపోయింది.

తెల్లారి చూస్తే
కంచె మీది తీగకి
మూడు రెబ్బలు విరిగున్నాయి, పచ్చిగా.

చెప్పులేసుకుని బయల్దేరాను.
వాళ్లిల్లు వీధి చివర.
దారిలో రెండుసార్లు జారింది.