పసుపు నూనె డబ్బా

అడెరో,
నిన్ను ఊరుకోమనడానికి రాలేదు నేను.
ఊరుకోమన్నవాళ్ళ చెప్పులు నా గుమ్మంలోనూ
నెల రోజులు పోగుపడ్డాయి.
నీ బిడ్డను జ్వరం తీసుకెళ్ళింది, నా బిడ్డను నీళ్ళు.
ఎవరిది ఎక్కువో కొలవొద్దు.
ఉగాలి వేడిగానే ఉంది, మూత తియ్యకు.
ఆకలి వేస్తే తిను.
వేస్తుంది. మొదటిసారి అది ద్రోహంలా ఉంటుంది.

నువ్వు కొండ ఊరిదానివి, చూసి ఉండవు.
చంద్రుడు లేని రాత్రుల్లోనే ఒమెనా చేపల వేట.
పడవకో లాంతరు.
ఒడ్డునుంచి చూస్తే సరస్సు నడిమధ్య
ఎవరో పట్నం కట్టినట్టు ఉంటుంది.
ఆ రాత్రి ముప్పై ఒకటి లెక్కపెట్టి పడుకున్నాను.
గాలి లేచాక చూస్తే ముప్పై.
వేళ్ళు మడిచి, వేళ్ళు విప్పి,
మళ్ళీ ముప్పై.

నామ్ లోల్వే నా ఒకెల్లోని తిరిగివ్వలేదు.
తొమ్మిది రోజులు చూసి పెద్దలు
యాగో కాయ కోసుకొచ్చారు.
శవం దొరకనివాడికి బదులు ఆ కాయని పూడుస్తాం ఇక్కడ.
మూరెడు పొడుగు, పసిగుడ్డంత బరువు.
పాస్టర్ ఒగాడా గుంట దగ్గర ఒక్క క్షణం తటపటాయించి,
టోపీ తీసి, ఆ కాయ మీదే ప్రార్థన చేశాడు.
అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఆ తర్వాత చర్చికి వెళ్ళినా
పాట దగ్గర నోరు తెరవలేదు.
నీళ్ళమీద నడిచినవాడివే,
మునిగిపోతున్న జాలరి కేకేస్తే
చెయ్యి చాచినవాడివే,
ఆ రాత్రి నీకు ఏ ఒడ్డున పని పడింది?
ఇదే అడిగాను. గిన్నెలు తోముతూ, చేపలు ఆరబోస్తూ,
భయం భక్తీ లేకుండా అడిగాను.
జవాబు రాలేదు. నీకు అబద్ధం చెప్పను.

వేరే మాట వచ్చింది, ఒక ఆదివారం.
ముప్పై ఎనిమిదేళ్ళు కోనేటి గట్టున పడున్న రోగి కథ.
చిన్నప్పటినుంచీ విన్నదే.
ఆ రోజు మాత్రం అతని ఫిర్యాదు చెవిలో ఇరుక్కుంది:
నీళ్ళలోకి దించే మనిషి లేడయ్యా నాకు, అని.
నా కొడుక్కీ లేడు.
పడవ ఎక్కించినవాళ్ళున్నారు,
వల లాగడం నేర్పినవాళ్ళున్నారు,
ఈత నేర్పినవాళ్ళు లేరు.
నీళ్ళమీద బతుకుతూ
నీళ్ళను నేర్చుకోని ఊరు మాది.

యాభై రెండేళ్ళ వయసులో
నడుముకి పసుపు నూనె డబ్బా కట్టుకుని
మోకాళ్ళ లోతుకి దిగాను. ఊరు నవ్వింది.
మొదటి రోజు ఆ నీళ్ళ మొహాన ఉమ్మేసి వచ్చాను.
మూడో రోజు నా మొహం పెట్టాను అందులో.
పచ్చటి మసక, నా చేతులు, ఇంకేమీ లేదు.
బాప్తిస్మం నాడు మునిగి లేచింది ఈ నీళ్ళలోనే.
వాడున్నదీ ఈ నీళ్ళలోనే.
అడెరో, ఏడవడానికి అంత మంచి చోటు లేదు.

ఇప్పుడు శనివారాలు పదకొండు మంది పిల్లలు.
వీపు కింద అరచెయ్యి పెడతాను.
ఆకాశాన్ని చూడు, పొట్ట పైకి, ఊపిరి దాచుకో.
మిన్ ఒకెల్లో, ఒకెల్లో తల్లీ, అని పిలవడం
ఊళ్ళో ఎప్పుడో మానేశారు,
గుచ్చుకుంటుందని.
మొన్న ఒక పళ్ళూడిన వెధవ తేలుతూ అరిచాడు:
"మిన్ ఒకెల్లో! చెయ్యి తీసెయ్!"
తీశాను.
తీసిన చేతిని ఏం చెయ్యాలో తెలియక
నీళ్ళలో అలాగే ఉంచాను చాలాసేపు.
ఎవరో పట్టుకున్నారని ప్రమాణం చెయ్యను.
ఒంటరిగా మాత్రం లేదు ఆ చెయ్యి.

నయమైందా అంటావు.
ఇంకా రాత్రుళ్ళు లాంతర్లు లెక్కపెడతాను.
ఇప్పుడు ఒక్కోదాన్ని పేరుపెట్టి,
ఆయనకి అప్పజెప్పి, తర్వాతదానికి వెళ్తాను.

వస్తూ నీ ఇంటివెనక ఖాళీ డబ్బా ఒకటి చూశాను.
మూత గట్టిగానే ఉంది.
ఈ శనివారం కాకపోతే ఇంకెప్పుడైనా.
ఇప్పుడు కాదు.
ఇప్పుడు కాస్త జరుగు,
నన్నూ గోడకి ఆనుకోనీ.