శనివారం, షట్టరు సగం దించినాక

పత్తికొండ బ్రాంచిలో
సెలవు లేని శనివారాల్లో
షట్టరు సగం దించి, క్యాషు లెక్క తేలినాక
కొత్త మేడం తన కుర్చీని కౌంటరు ఇవతలికి,
అదే, జనం నిలబడే తట్టుకు
ఈడ్చుకొని కూర్చుంటాది.
"ఈ వారం ఎవరిని ఉత్త చేతుల్తో పంపినాం?"

మొదటి వారం ఎవరం పలకలేదు.
ఫ్యాను తిరిగింది.
ఇరవై రెండేళ్ల సర్వీసులో నన్ను
ఎంత డిపాజిట్ తెచ్చినావని అడిగినారు,
ఎన్ని పాలసీలు అంటగట్టినావని అడిగినారు.
కర్నూలులో మూడు దినాలు ట్రైనింగు పెట్టి
తెర మీద బొమ్మలేసి, బిస్కెట్లిచ్చి
ఈ ప్రశ్న మాత్రం మర్చిపోయినారు.

రెండో వారం మద్దిలేటి పలికినాడు.
అటెండరు.
లెడ్జర్లు మోసి మోసి ఎడమ భుజం దిగిపోయింది,
కంప్యూటర్లు వచ్చినా మళ్లీ పైకి రాలేదు.
"బుధవారం హోసూరు ఖాసింబీని
మూడు తూర్లు తిప్పినాం మేడం.
వేలు పడలేదు."

వేలు పడకపోవడమంటే
తెల్లారుజామున టమోటా కోసిన చెయ్యి
ఆకు పసరు నల్లగా పట్టి
గీతలన్నీ పూడిపోయి
మిషను మీద పెడితే
ఎర్రలైటు వెలిగి
ఈమె ఈమె కాదంటాది.
తన డబ్బుకు తానే సాక్షి కాలేక
కొంగు దులుపుకొని ఆయమ్మ పోతాది.
నేను తర్వాతి టోకెను పిలుస్తా.

"ఏం చేద్దామంటావు?"
మద్దిలేటిని ఆ మాట ఒకరు అడగడం
నేను చూడ్డం అదే మొదలు.
గోడకానుకున్నోడు కొంచెం నిటారైనాడు.
"గోరెచ్చని నీళ్లు, ఇంత చింతపండు, ఒక తువాలు.
పసరు సోపుకు పోదు. మా యమ్మ అట్లే కడుగుతాండె."

సోమవారానికి లాకరు రూము పక్కన
స్టూలు, చెంబు, బేసిను.

అన్నీ పండలేదు.
నా మాట విని టమోటా మార్కెట్లో
పొద్దున ఆరుకే టేబులు వేసినాం.
తొమ్మిది రోజులు ఈగలు తోలినా.
మండీలో నోట్లు చేతికిస్తాంటే
నా స్లిప్పు ఎవరికి కావాల?
టేబులు వెనక్కి మోసుకొచ్చి మెమో కోసం చూసినా.
మెమో రాలే. టీ వచ్చింది.
"జనం ఎందుకు రాలేదో రాసిపెట్టు,
నీ తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తాది."
నాలుగు పేజీలు రాసినా.
సర్వీసులో నేను ఇష్టపడి రాసినవి అవే.

మార్చిలో మదింపు ఫారాలు వచ్చినాయి.
డిపాజిట్లకు గడి ఉంది, రికవరీకి గడి ఉంది,
చింతపండుకు లేదు.
మేడం స్కేలు పెట్టి అట్టడుగున గీత కొట్టి
మద్దిలేటి పేరుకెదురుగా రాసింది:
'నాలుగు వందల పదహారు చేతులు కడిగినాడు.'
ఫారంలో అదనపు గీతలు గీయరాదని
పైనుంచి వెనక్కొచ్చింది.
మళ్లీ గీసి పంపింది.
ఇంకా జవాబు లేదు.

మొన్న బుధవారం ఖాసింబీ.
బేసిను కాడ ముందే ఇద్దరు.
తన వంతుకు చెయ్యి చాపింది,
మద్దిలేటి వంగి నీళ్లు పోసినాడు.
వేలు తుడుచుకొని, మిషను మీద పెట్టి
కళ్లు మూసుకునింది.
పచ్చలైటు.
ఒక కన్ను తెరిచి నన్నడిగింది:
"ఏమంటాది? నేనేనంటనా?"